ఆరు పెన్నీల బ్యాండు ఎందుకు ఆగింది

(పర్లాకిమిడిలో యౌవనస్థుల కూటంలో చేసిన ప్రసంగం, రికార్డింగు విని రాసినది)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

బాబూ, ఆ మైకు కాస్త వెనక్కి జరుపు, కూత పెడుతోంది. బాక్సుకి ఎదురుగా పెడితే అలాగే కూస్తుంది మరి. ఆ, ఇప్పుడు బాగుంది.

పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో మైకు సెట్లు అద్దెకిచ్చుకుని బతుకుతున్నాను. పెళ్ళిళ్ళు, సువార్త కూటాలు, వినాయక చవితి, ఎన్నికల మీటింగులు, అన్నీ చూశాను. కానీ మైకు వెనకాల వైర్లు సర్దుకోవడమే నా పని. ముందుకొచ్చి నిలబడితే ఇప్పటికీ టెన్షనే. మన పాస్టరు అయ్యగారు పిలిచి, "మన పిల్లలు బ్యాండు పెడతామంటున్నారు, నువ్వూ ఒకప్పుడు పెట్టావు, పెట్టి పాడుచేసుకున్నావు, ఆ సంగతి వీళ్ళకి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. మా బ్యాండు సంగతి నిజంగానే నాలుగు మాటల్లో అయిపోతుంది. అందుకని అమెరికాలో ఒక బ్యాండు సంగతి చెప్తాను, మధ్యలో మాదీ వస్తుంది. భాష మాత్రం ఇదే. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పాఠాలు చెప్పిన ఊరు మనది. ఇక్కడ నిలబడి గ్రాంథికం దంచితే ఆయన ఊరుకోరు.

ఆ బ్యాండు పేరు సిక్స్‌పెన్స్ నన్ ద రిచర్. ఏటీ పేరు అనుకుంటున్నారు కదా? నేనూ అనుకున్నాను. క్యాసెట్టు మీద పేరు చూసి, ఇదేదో బ్యాంకు తాలూకు అనుకున్నాను.

సి.ఎస్. లూయిస్ అని ఇంగ్లండులో ఒక రచయిత. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బీబీసీ రేడియోలో క్రైస్తవ విశ్వాసం గురించి ప్రసంగాలు చేశాడు. అవి తర్వాత 1952లో మియర్ క్రిస్టియానిటీ అనే పుస్తకంగా వచ్చాయి. అందులో ఒక చిన్న పోలిక ఉంది. ఒక పిల్లాడు నాన్న దగ్గరికెళ్ళి, "నాన్నా, నీ పుట్టినరోజుకి బహుమతి కొనాలి, ఆరు పెన్నీలివ్వు" అంటాడు. నాన్న ఇస్తాడు. పిల్లాడు బహుమతి తెస్తాడు. నాన్న మురిసిపోతాడు. కానీ లెక్క చూస్తే నాన్నకి కలిసొచ్చిందేమీ లేదు. ఆరు పెన్నీలు పోయాయి, ఆరు పెన్నీల వస్తువు వచ్చింది. మనం దేవుడికి ఏం ఇచ్చినా ఇంతేనంటాడు లూయిస్.

మనకిది కొత్త కాదు. చంద్రుడికో నూలుపోగు అంటాం. ఇంకా దగ్గరగా చూడాలంటే, ఆదివారం ఆరాధనలో కానుకల సంచి వచ్చే వేళకి మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? నాన్న జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి చంటిదాని చేతిలో పెడతాడు. అది ఆ బిళ్ళని గుప్పిట్లో చెమట పట్టేదాకా బిగించి పట్టుకుని, సంచి దగ్గరికి రాగానే తన ఆస్తేదో ఇచ్చేస్తున్నట్టు ముఖం పెట్టి వేస్తుంది. కొంతమంది వెయ్యరు కూడా, దాచేసుకుంటారు. ఆ పిల్లే ఈ బ్యాండు పేరు.

అప్పటి లెక్క కూడా చెప్పేస్తాను, నాకు ఇలాంటివి సరదా. 1927 నుంచి మన రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలని కట్టారు. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు. అంటే రూపాయి పద్దెనిమిది పెన్నీలు. ఆరు పెన్నీలు రూపాయిలో మూడో వంతు, అయిదణాల నాలుగు పైలు, అణాకి పన్నెండు పైలు మరి. పిల్లాడికి అది తక్కువేం కాదు.

సరే, బ్యాండు. టెక్సస్ రాష్ట్రంలో న్యూ బ్రాన్‌ఫెల్స్ అని ఒక ఊరుంది. ఎప్పుడో 1845లో జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. అక్కడ మాట్ స్లోకమ్ అని ఒక కుర్రాడు. గిటార్ వాయిస్తాడు, చెల్లో కూడా వాయిస్తాడు. చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్నయ్య, నేల మీద ఆనించి వాయించేది. లీ బింగమ్ అని ఒక అమ్మాయి. పెళ్ళయ్యాక లీ నాష్ అయింది, లోకానికి ఆ పేరే తెలుసు. ఇద్దరూ చర్చి రిట్రీట్‌లో, అంటే ప్రార్థన శిబిరంలో, కలిశారు. మనవాళ్ళు ఎక్కడ కలుస్తారో వాళ్ళూ అక్కడే కలిశారన్నమాట. అతను రాస్తాడు, ఆమె పాడుతుంది. 1992లో బ్యాండు పెట్టారు. ఆ సంవత్సరం అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసి మన గజపతి జిల్లాని చేశారు. మన జిల్లా వయసూ ఆ బ్యాండు వయసూ ఒకటే. దానికీ దీనికీ సంబంధం ఏమీ లేదు, గుర్తుంటుందని చెప్పాను.

1994లో మొదటి ఆల్బమ్ వచ్చింది. పేరు ద ఫాదర్‌లెస్ అండ్ ద విడో. తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు. బైబిల్లో యాకోబు పత్రిక చదివినవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, అలాంటివాళ్ళని ఆదుకోవడమే నిజమైన భక్తి అని అందులో ఉంది. పాడిన పిల్లకి ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఆ గొంతు విన్నారా ఎవరైనా? అరవదు. మన దగ్గర కూటాల్లో పాడేవాళ్ళు మైకుని మింగేసేటట్టు పాడతారు. మైకు సెట్టువాణ్ణి కదా, నాకే తెలుసు ఆ బాధ. ఈ అమ్మాయి పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు పాడుతుంది. 1995లో దిస్ బ్యూటిఫుల్ మెస్ అనే రెండో ఆల్బమ్. గిటార్లు ఎక్కువ, కొంచెం మోత కూడా ఎక్కువ. దానికి గాస్పెల్ మ్యూజిక్ అసోసియేషన్ అనే క్రైస్తవ సంగీత సంఘం వాళ్ళిచ్చే డవ్ అవార్డు వచ్చింది. డవ్ అంటే పావురం.

వీళ్ళు వాయించేది ఆల్టర్నేటివ్ రాక్. అదేమిటని పొద్దున ఒక పిల్లాడు అడిగాడు. పెద్ద సినిమా హీరో పాటలా కాకుండా, కాలేజీ రేడియోల్లో మొదలై, సొంత గదిలో కూర్చుని రాసుకున్నట్టుండే పాటలు. సందేహం ఉంటుంది, దిగులు ఉంటుంది. క్రైస్తవ బ్యాండ్లు అది వాయిస్తే వచ్చే చిక్కేమిటంటే, అమెరికాలో క్రైస్తవ సంగీతానికి విడిగా ఒక బజారే ఉంది. విడి కంపెనీలు, విడి రేడియోలు, విడి పుస్తకాల షాపులు. ఆ షాపుకి వచ్చేవాడు దిగులు కొనడానికి రాడు, ధైర్యం కొనుక్కోడానికి వస్తాడు. బయట బజారువాడేమో, "చర్చి బ్యాండా? అయితే మాకొద్దు" అంటాడు. రెంటికి చెడ్డ రేవడి అంటారే, అలా.

మనకీ ఇది తెలుసు. పురుషోత్తమ చౌధురి గారు మన కిమిడి వైపు మనిషే. 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, తెలుగులో కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి, పాట మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఆ రాగాలన్నీ ఆయనకి చర్చిలో దొరికినవి కావు కదా. ఊళ్ళో ఉన్న సంగీతాన్నే తీసుకున్నారు. ఇవాళ ఆ కీర్తనలే అసలైన పాత పాటలు, గిటారే లోకపు వాయిద్యం అంటున్నారు పెద్దలు. సరే, అది వేరే గొడవ, అయ్యగారు ఇటే చూస్తున్నారు.

అసలు సంగతికి వస్తాను. రెండో ఆల్బమ్‌కి అవార్డు వచ్చింది, బ్యాండు ఊళ్ళు తిరుగుతోంది. అంతలో వాళ్ళ కంపెనీ ఆర్.ఇ.ఎక్స్. దివాలా తీసింది. కంపెనీ పోతే పీడా పోయిందని ఇంకో కంపెనీకి పోవచ్చు కదా అనుకుంటాం. కుదరదు. కాంట్రాక్టు ఉంటుంది. కంపెనీ చచ్చిపోయినా కాంట్రాక్టు చావదు. అద్దె ఇంటి ఓనరు పోయాడనుకోండి, ఇల్లు మనదైపోదు, వాళ్ళ పిల్లలు తేల్చుకునేదాకా మనకి సున్నం కూడా వేయరు. అలా ఇరుక్కున్నారు. కొత్త పాటలున్నాయి, రికార్డు చెయ్యడానికి లేదు.

ఆ ఎదురుచూపుల్లోంచి వచ్చిందే 1997 ఆల్బమ్. దానికి బ్యాండు పేరే పెట్టారు. స్టీవ్ టేలర్ అని, తనే క్రైస్తవ రాక్ గాయకుడు, వ్యంగ్యంగా పాటలు రాసేవాడు, స్క్వింట్ ఎంటర్‌టైన్‌మెంట్ అని కొత్త కంపెనీ పెట్టి వీళ్ళని తీసుకున్నాడు. ఆ ఆల్బమ్ మొదటి మూడు పాటలూ వరసగా వినండి. ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి. మూడో దాని పేరు ద వెయిటింగ్ రూమ్. నా లెక్కలో వాళ్ళ పాటలన్నిట్లో అదే గొప్ప పాట. చెల్లో వస్తుంది కింద నించి, వెయిటింగ్ రూమ్‌లో ఫ్యాను తిరుగుతున్నట్టు. ప్రేమ పాట అనుకుంటే ప్రేమ పాట, దేవుడితో గొడవ అనుకుంటే గొడవ. నాకు మాత్రం కంపెనీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్న మనిషే కనబడతాడు.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. 1998లో నలుగురం కలిశాం. నేను గిటార్. మా బావ కీబోర్డు, అంటే చిన్న క్యాసియో. ఇంకొకడు రిథమ్ ప్యాడ్. పాడే అమ్మాయి ఒకత్తె, ఇప్పుడు టీచరమ్మ, ఈ ఊళ్ళో లేదు. మాకు పేరు లేదు, జనం గిటార్ గుంటలు అనేవారు. ఒక పాట తెలుగులో, ఒకటి ఒడియాలో, కొండ మీదకి వెళ్తే ఒకటి సవర భాషలో. సవర పాటకి మాటలు మాకు రావు, కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్ళం. ముందు వరసలో ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఏదో తప్పు మాట పాడామని తెలిసేది, ఏ మాటో తెలిసేది కాదు. ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

1999లో విశాఖపట్నం నుంచి బావ ఒక క్యాసెట్టు తెచ్చాడు. అందులో ఉంది, కిస్ మి అనే పాట. మొదట్లో గిటార్ అలా వచ్చేసరికి క్యాసెట్టు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వేసి, పెన్సిలు పెట్టి రీలు బిగించి, మళ్ళీ వేసి, మూడు రోజులు అదే పని. గిటార్ కార్డులు, అంటే కలిపి మీటే స్వరాలు, నాలుగైదే. కానీ చెయ్యి ఎక్కడో జారుతూ ఉంటుంది, అది పట్టుబడదు.

ఆ పాట మీకు తెలిసే ఉంటుంది. నిజానికి ఆ ఆల్బమ్‌లో అది ఆరేడు దిగులు పాటల మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క సరదా పాట. 1998లో సింగిల్‌గా వదిలారు. షీ ఈజ్ ఆల్ దట్ అనే హైస్కూలు పిల్లల సినిమాలో వచ్చింది, టీవీ సీరియల్లో వచ్చింది, 1999లో బిల్‌బోర్డ్ హాట్ 100 అనే అమెరికా హిట్ పాటల పట్టికలో రెండో స్థానానికి వెళ్ళింది. గ్రామీ అని సంగీతంలో పెద్ద అవార్డు, దానికి నామినేషన్ వచ్చింది. డేవిడ్ లెటర్‌మన్ అని అక్కడ రాత్రిపూట పెద్ద టీవీ షో, అందులో పాడారు. మీ బ్యాండుకి ఈ పేరేమిటని అడిగితే లీ నాష్ ఆ ఆరు పెన్నీల కథ చెప్పింది. ముద్దు పాట పాడటానికి పిలిస్తే వెళ్ళి, దేవుడి దగ్గర తీసుకున్నదే దేవుడికిస్తున్నామని దేశమంతా వినేటట్టు చెప్పొచ్చింది. ఆ సాక్ష్యం ఏ కూటంలో చెప్తే అంతమంది వింటారు?

కానీ గొడవ అక్కడే మొదలైంది. చర్చి బ్యాండు ముద్దు పాటా? 1998లోనే గాస్పెల్ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళు గాస్పెల్ పాట అంటే ఏమిటో నిర్వచనం రాసి పెట్టుకున్నారు. రాగం ఏదైనా ఫరవాలేదు, మాటల్లో మాత్రం బైబిలు సత్యమో, స్తుతో, విశ్వాసమో ఉండాలని. ఆ తక్కెట్లో పెడితే ఈ పాట తేలిపోతుంది. మా సంఘంలోనూ అదే జరిగింది. ఒక ఆదివారం కానుకలు పట్టే వేళ, మాటలు లేకుండా ఉత్త గిటార్ మీద నేను ఆ ట్యూను వాయించాను. బాగుందన్నారు అందరూ. రెండో వారం మళ్ళీ వాయించాను. మూడో వారం ఎవరి పిల్లాడో కాలేజీ నుంచి వచ్చి, అది ఏ పాటో పెద్దలకి చెప్పేశాడు. కమిటీ పిలిచింది. పాట పేరుకి అర్థం చెప్పమన్నారు. నేను కిందకి చూస్తూ, "ముద్దు పెట్టు అని అండి" అన్నాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆఖరికి ఒక పెద్దాయన, ఇప్పుడు లేరు, "పరమగీతం ఎలా మొదలవుతుందో ఎవరికైనా గుర్తుందా?" అన్నారు. బైబిల్లో ఆ పుస్తకం మొదలయ్యేదే ముద్దు మాటతో. ఆయన దయ వల్ల ఆ పూటకి బయటపడ్డాను. ఆ ట్యూను మాత్రం మళ్ళీ వాయించొద్దన్నారు.

అందుకని, ఆ బ్యాండు 2004లో విడిపోయిందని తెలిసినప్పుడు ఇక్కడ చాలామంది అన్న మాట ఒకటే. లోకంలోకి వెళ్ళారు, ఆశీర్వాదం పోయింది. మా బ్యాండు గురించీ అదే అన్నారు. పిల్లలూ, నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఆ మాట తప్పని చెప్పడానికే. అది లోకం వల్ల కాదు, వెయిటింగ్ వల్ల.

చూడండి ఏమైందో. పాట పెద్ద హిట్. 1999లో దేర్ షీ గోస్ అని ఇంగ్లండు బ్యాండొకటి ముందెప్పుడో పాడిన పాటని మళ్ళీ పాడారు, అదీ నడిచింది. ఇప్పుడు ఏం చెయ్యాలి? పొయ్యి మీద పెనం వేడిగా ఉన్నప్పుడే రెండో దోసె వేసెయ్యాలి. వెంటనే ఇంకో ఆల్బమ్ రావాలి. పాటలు రాసుకున్నారు, రికార్డు చేశారు. అప్పుడు స్క్వింట్‌కి డబ్బు ఇబ్బంది వచ్చింది. దాని వెనకాల ఉన్న వర్డ్ అనే పెద్ద క్రైస్తవ కంపెనీ చేతులు మారింది, వార్నర్ వాళ్ళు కొన్నారు. స్టీవ్ టేలర్ తను పెట్టిన కంపెనీ నుంచి తనే బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆల్బమ్ పెట్టెలో ఉండిపోయింది. ఆర్.ఇ.ఎక్స్. కథే మళ్ళీ, ఈసారి పెద్ద ఎత్తున. ఆఖరికి డివైన్ డిస్కంటెంట్ పేరుతో 2002 అక్టోబరులో వచ్చింది. ముందు ఆల్బమ్‌కీ దీనికీ మధ్య అయిదేళ్ళు. కిస్ మి విని ప్రేమలో పడ్డ కాలేజీ పిల్లలకి అప్పటికి పెళ్ళిళ్ళైపోయి ఉంటాయి.

ఆల్బమ్ బాగానే ఉంటుంది. బ్రీత్ యువర్ నేమ్ అనే పాట చాలా మంచిది. కానీ నున్నగా ఉంటుంది, ఎక్కువసార్లు పాలిష్ పట్టిన బల్ల లాగా. చేసి, పక్కన పెట్టి, మళ్ళీ చేసి, మళ్ళీ పక్కన పెడితే వస్తువుకి ఆ నునుపు వస్తుంది. వెయిటింగ్ రూమ్ పాటలో ఉన్న గరుకు అందులో నాకు దొరకలేదు.

2004 ఫిబ్రవరిలో ఇంక చాలని మాట్ స్లోకమ్ ప్రకటించాడు. పోట్లాటలు లేవు, కోర్టులు లేవు, ఒకరి మీద ఒకరు పేపర్లకి ఎక్కడం లేదు. విశ్వాసం వదిలేశామని ఎవరూ అనలేదు. ఏరి కూర్చిన పాటలతో ఒక ఆల్బమ్ వదిలి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. అలసిపోయారు, అంతే. పన్నెండేళ్ళలో ఎన్ని పాటలు పాడారో లెక్కపెట్టండి, ఎన్నేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారో లెక్కపెట్టండి.

మా వెయిటింగ్ రూమ్ నౌపడా రైల్వే స్టేషన్‌లో ఉంది. పెద్దవాళ్ళకి చిన్న రైలు గుర్తుండే ఉంటుంది. 1900లో రాజావారు వేయించిన నేరోగేజ్ లైను. పక్కన సైకిల్ మీద వెళ్ళేవాడు మనకంటే ముందు చేరేవాడు. 2003 వేసవిలో టెక్కలి వైపు ఒక కూటానికి వెళ్ళి తిరిగొస్తున్నాం. నౌపడాలో చిన్న రైలు నాలుగు గంటలు లేటు. మా దగ్గర ఒక యాంప్లిఫయర్ ఉంది, కాంబో అంటారు, బాక్సూ యాంప్లిఫయరూ కలిసి ఒకటే. ఏడున్నర వేలు పెట్టి కొన్నాం. బెంచీ మీద చోటు లేక పాడే అమ్మాయి దాని మీదే కూర్చుంది. మా బావ, "జాగ్రత్త, దాంట్లో రెండు వేలు నావి" అన్నాడు. సరదాకే అన్నాడు. ఆ అమ్మాయి, "నావి పదిహేను వందలు, అంత మేరకే కూర్చున్నాను" అంది. నవ్వుకున్నాం. అరగంట తర్వాత మళ్ళీ ఆ మాటే వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

లెక్కలు రాసే పొడుగు నోటుబుక్కు నా సంచిలో ఉంది, తీశాను. తియ్యకూడదు. ఇప్పటికీ ఆ పేజీ నా దగ్గర ఉంది. ఎడమవైపు నలుగురి పేర్లు. బావ 2000. ప్యాడ్ వాడు 1000. అమ్మాయి 1500. నేను 1000. కింద ఎర్ర సిరాతో, సంఘంలో ఒక పెద్దమనిషి, 2000. దాని పక్కన ప్రశ్నార్థకం. ఆ రెండు వేలు ఆయన కానుకగా ఇచ్చాడా, అప్పుగా ఇచ్చాడా, ఎవరికీ తెలియదు. తీసుకున్నప్పుడు అడగలేదు, మొహమాటం. పేజీ మీద ఒక గుండ్రటి మరక ఉంది, టీ గ్లాసుది. ఆ సాయంత్రం నాలుగు గంటలు ఆ మరక చుట్టూ గొడవపడ్డాం. బావకి హైదరాబాదులో పని దొరికేలా ఉంది, తన రెండు వేలు కావాలి. ప్యాడ్ వాడు నాలుగు నెలలుగా రైలు చార్జీలు తనే పెట్టుకుంటున్నాడు, అవి ఎక్కడా రాయలేదు. నాకు వాడి ముఖం చూడాలంటే సిగ్గేసింది, ఎందుకంటే రాయాల్సింది నేను.

ఎనిమిదేళ్ళ పిల్లాడి దగ్గర్నుంచి ఎనభై ఏళ్ళ తాత దాకా ఎన్నో పాటల బృందాలకి మైకులు పెట్టాను నేను. పాట పాడేటప్పుడు గొడవపడ్డవాళ్ళని ఒక్కళ్ళని కూడా చూడలేదు. కరెంటు పోయినప్పుడు, వ్యాను రానప్పుడు, డబ్బులు రేపిస్తామన్నప్పుడు, అప్పుడే మొదలవుతుంది ఏదైనా.

తర్వాత ఏమైందంటే, బావ హైదరాబాదు వెళ్ళాడు. రెండు వేలిచ్చిన పెద్దమనిషి, యాంప్లిఫయర్ సంఘానిది అన్నాడు. ఒక రోజు వెళ్ళేసరికి దాన్ని సామాను గదిలో పెట్టి తాళం వేశారు. తాళం చెవి ఎవరి దగ్గరుందంటే ఎవరూ చెప్పరు. నాకు చాలా కోపం వచ్చింది. ఏడాది పాటు ఆ చర్చికి వెళ్ళలేదు, వేరే సంఘానికి వెళ్ళాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన మాటలో కూడా కొంత న్యాయం ఉంది. రెండు వేలు ఇచ్చాడు, కాగితం లేదు. ఆయన లెక్కలో అది దేవుడికిచ్చింది, మా లెక్కలో మాకిచ్చింది. ఆ పిల్లాడి ఆరు పెన్నీల చిక్కే. నాన్న ఇచ్చిన డబ్బుతో కొన్న బహుమతి ఎవరిది?

ఆ బ్యాండు విడిపోయిన 2004లోనే మన చిన్న రైలు కూడా ఆగింది, పెద్ద లైను వేస్తామని. రైలు 2010లో తిరిగొచ్చింది. బ్యాండు ఇంకా ముందే, 2007లో మళ్ళీ కలిసింది. 2008లో క్రిస్మస్ పాటల ఆల్బమ్ చేశారు, ద డాన్ ఆఫ్ గ్రేస్. మీరు క్రిస్మస్‌కి నేర్చుకోవాలంటే అది వినండి, గిటార్ కొత్తగా పట్టినవాళ్ళకి కూడా చేతికొస్తుంది. తర్వాత ఇంకో ఆల్బమ్ రికార్డు చేశారు. అదీ పెట్టెలో పడింది. నవ్వకండి, నిజం. చివరికి 2012లో లాస్ట్ ఇన్ ట్రాన్సిషన్ అని పేరు పెట్టి వదిలారు. చేతులు మారే దారిలో తప్పిపోయింది అన్నట్టుగా. అప్పటికి వాళ్ళకే నవ్వొచ్చి ఉంటుంది. మళ్ళీ 2024లో రోజ్‌మేరీ హిల్ అని కొన్ని పాటలు విడుదల చేశారు. ఇద్దరూ యాభై ఏళ్ళ దగ్గరికొచ్చారు. గొంతు అదే. ఇప్పటికీ అరవదు.

ఈ పిల్లలు నన్ను అడిగింది ఏ గిటార్ కొనాలని. గిటార్ ఏదైనా పరవాలేదు, ఆరు తీగలు విడిగా ఇంకో సెట్టు కొని దగ్గర పెట్టుకోండి, మొదటి తీగ ఎప్పుడూ కూటం మధ్యలోనే తెగుతుంది. దానికంటే ముందు ఒక నోటుబుక్కు కొనండి. ఎవరు ఎంత పెట్టారో, ఎవరైనా పెద్దాయన ఏదైనా ఇస్తే అది కానుకో అప్పో ఆయన ఎదురుగానే అడిగి రాయండి. మొహమాటపడకండి. చార్జీలు రాయండి. టీలు కూడా రాయండి. ఎవరైనా వెళ్ళిపోతే ఏ వస్తువు ఎవరిదో ఇవాళే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే రాసుకోండి. ఆదివారం ఏ పాట పాడాలో అయ్యగారు చెప్తారు, అందులో నేను వేలు పెట్టను.

ఇంకొక్కటి. ఆ కాంబో యాంప్లిఫయర్. మొన్న సామాను గది శుభ్రం చేస్తే బయటపడిందని అయ్యగారు నా షాపుకి పంపించారు. ఇరవై ఏళ్ళు దాటింది తలుపేసి. విప్పి చూస్తే లోపల ఎలుక గూడు కట్టుకుంది, స్పీకర్ కోను సగం తినేసింది. మిగతాదంతా బాగానే ఉంది. కోను మార్చాను, రెండు కెపాసిటర్లు మార్చాను, వాల్యూమ్ గుండీ మాత్రం కరకరమంటుంది. ఎంతయిందో నోటుబుక్కులో రాశాను, ఆ పాత పేజీలోనే, కింద. హైదరాబాదుకి ఫోను చేసి బావకి చెప్పాను. "నా రెండు వేలు?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

అదిగో, ఆ మూల ఉన్నది అదే. రండి బాబూ, ప్లగ్ పెట్టండి. ఆ మూడో సాకెట్‌లో కాదు, షాక్ కొడుతుంది.